వీపు మీద ముడి

అమ్మ జ్ఞాపకార్థ కూటానికి చిన్న కాగితం ఒకటి అచ్చు వేయిస్తామనీ, దాని మీద ఆవిడ గురించి నాలుగు మాటలు రాసిమ్మనీ పాస్టరుగారి భార్య అడిగారు. "మీరు టీచరుగారు కదండీ, మీకు చెప్పాలా" అని నమూనాకి పాత కాగితాలు రెండు మూడు చేతిలో పెట్టి వెళ్లారు. వాటన్నిటిలోనూ ఒకటే వరస. ప్రేమగల తల్లి, ప్రేమగల అమ్మమ్మ, ప్రార్థనాపరురాలు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని, పక్కవాడి పుస్తకంలోంచి ఎత్తి రాసిన వాక్యాన్ని ఇట్టే పట్టేస్తాను. అయినా పేచీ ఎందుకని ఆ మాటలే రాద్దామని కూర్చున్నాను. 'ప్రేమగల' దగ్గరే పెన్ను ఆగిపోయింది. ఆ మాట అబద్ధమని కాదు. మా అమ్మ ప్రేమ ఎలాంటిదో చెప్పాలంటే ముందు ఆవిడ నన్ను ఏడేళ్లొచ్చేదాకా కట్టేసి పెంచిందని చెప్పాలి. ఆ తర్వాత ఆవిడ ముసలితనంలో నేను ఆవిడని ఆరు నెలలు లోపల పెట్టి తాళం వేశానని చెప్పాలి. నడుమ ఒకనాడు నేనన్న మాట కూడా చెప్పాలి. అవన్నీ చర్చి కాగితం మీద పట్టవు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ గుడ్డ ఇప్పుడు నా ఒళ్లోనే ఉంది. మూడు పాత చీరలు నిలువుగా చింపి, జడలా అల్లిన తాడు అది. ఒక పాయ ఆకుపచ్చ, ఒకటి నేరేడుపండు రంగు, మూడోది ఏ రంగో ఇప్పుడు చెప్పలేం. ఎన్నిసార్లు ఉతికినా దాన్నుంచి పసుపూ, పొయ్యి పొగా, ఎండుచేపలూ కలిసిన వాసన పోలేదు. సరిగ్గా నడిమధ్యలో నల్లదారంతో గట్టి కుట్టు ఒకటి ఉంది. ఆ కుట్టు అక్కడికెలా వచ్చిందో నాకు తెలుసు. అది నా నిర్వాకమే.

మాది కొల్లేటి నడుమ ఒక లంక. ఏలూరు నుంచి ఇప్పుడు ఆటోలో ముప్పావుగంటలో వెళ్లిపోతారు. అప్పట్లో సగం దూరం నడక, మిగతా సగం మా నాన్న దోనెలో. తాటిబోదె తొలిచి చేసిన ఆ దోనెలో మనుషులకీ, బియ్యం బస్తాలకీ, మేకలకీ ఒకటే మర్యాద జరిగేది. ఊరంటే మట్టి పోసి ఎత్తు చేసుకున్న మెరక, దాని మీద ముప్పై నలభై తాటాకిళ్లు, ఒక రేకుల చర్చి. ఎండాకాలంలో మా అరుగు దిగి నీళ్లదాకా వెళ్లాలంటే కాళ్లు కాలేవి. వానాకాలంలో మేం వెళ్లక్కర్లేదు, నీళ్లే మా అరుగు దగ్గరికి వచ్చేవి. ఎగువన ఎక్కడో వాన పడుతుంది, మాకు చినుకు కూడా ఉండదు, పొద్దున లేచి చూస్తే నిన్న బిందె బోర్లించిన చోట గుర్రపుడెక్క తేలుతూ ఉంటుంది. ఆ నీటి వాసన నాకిప్పటికీ గుర్తే. కుళ్లిన తుంగా, చేప పొలుసూ, తడి మట్టీ కలిసిన వాసన. అది వచ్చిందంటే అమ్మ ముఖం మారిపోయేది.

మా లంకలో పాకే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ కట్టుగుడ్డ ఉండేది. మగవాళ్లు వేటకీ, ఆడవాళ్లు ఊడుపులకీ, కలుపులకీ పోతే పసిపిల్లల్ని చూసే దిక్కుండదు కదా. అందుకని ఇంటి నడుమ నిలబెట్టిన నిట్రాటకి ఒక కొస కట్టి, రెండో కొస పిల్లకి నడుం చుట్టూ తిప్పి, భుజాల మీదుగా తెచ్చి, వీపు మధ్యలో ముడి వేసేవారు. ముందునుంచి ఎంత సాచినా పిల్ల చెయ్యి అందదు, వెనకనుంచి మెలితిప్పినా అందదు. వేసవిలో ఒకసారి నిట్రాట దగ్గర్నుంచి నీటి అంచుదాకా మూరలేసి కొలిచి, దానికి కాస్త తక్కువగా గుడ్డ కట్టేస్తే వరద నీళ్లు వచ్చేదాకా అదే కొలత. అందరూ అలాగే పెంచారు, అందరి పిల్లలూ అలాగే బతికారు.

మా అన్న దానియేలు బతకలేదు. నేను పుట్టకముందు సంగతి ఇది. వాడికి అప్పుడు మూడో ఏడు. అమ్మ వాణ్ణి కట్టి, ముందు పళ్లెంలో మరమరాలు పోసి, అవతలి గట్టుకి ఊడుపులకి వెళ్లింది. వేసవిలో కొలిచిన కొలతే ఉంది గుడ్డకి. ఆ పూట ఎగువనుంచి నీళ్లు దిగాయి. నీళ్లు మెరక ఎక్కి ఇంటివైపు వచ్చాయి. గుడ్డ మాత్రం ఉన్నంత పొడవూ ఉంది. అమ్మ దోనె దిగేసరికి గుడ్డ నిట్రాటకి కట్టినట్టే ఉంది, ముడి వీపు మీద వేసినట్టే ఉంది. వాడు గుడ్డ చివర నీళ్లలో ఉన్నాడు. తప్పు ఎవరిదని ఎవరూ అనలేదు. ఆ రోజు నీళ్లు వస్తాయని ఎవరనుకున్నారు? కానీ అమ్మ మనసులో ఆ లెక్క అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత ఆవిడ రాటని నమ్మలేదు. నేను పాకడం మొదలుపెట్టిన రోజు నుంచి కట్టుగుడ్డ రెండో కొస తన నడుముకే కట్టుకుంది. పొద్దున లేవగానే మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థన. తర్వాత పొయ్యి వెలిగించకముందే గుమ్మం దగ్గర్నుంచి వంగి, మోచేతి నుంచి వేళ్లదాకా నేల మీద ఆనిస్తూ, మూర తర్వాత మూర నీటి అంచుదాకా కొలిచేది. అందులోంచి మూడు మూరలు తీసేసి గుడ్డకి ముడి వేసేది. ఆ తర్వాతే నాకు చల్దన్నం. వయసులో ఉన్న మనిషి ప్రతి పొద్దునా అలా నేల మీద వంగి కొలుచుకుంటూ పోతుంటే ఊళ్లోవాళ్లు మొదట్లో జాలిపడ్డారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత అలవాటుపడ్డారు. "దీవెనమ్మ పిల్లని కట్టిందో, పిల్లే దీవెనమ్మని కట్టిందో తెలవట్లేదు" అనేవారు.

గుడ్డ లాగితే అమ్మ పలకాలి. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా సరే, నేను ఒక్కసారి లాగితే "ఊఁ" అనేది. చేపలు తోముతూ ఊఁ. వడ్లు దంచుతూ ఊఁ. పక్కింటావిడతో కోడిపెట్ట గురించి దెబ్బలాడుతూ, తిట్టు సగంలో ఆపి ఊఁ, మళ్లీ తిట్టు. చివరికి ప్రార్థనలో కూడా, "పరలోకమందున్న మా తండ్రీ, ఊఁ, నీ నామము పరిశుద్ధపరచబడుగాక" అనేది. దేవుడికి ఎలా వినిపించిందో గానీ, మా నాన్న మాత్రం దుప్పటి కప్పుకుని నవ్వేవాడు.

ఇదంతా ఇప్పుడు ముచ్చటగా చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు ముచ్చటగా లేదు. నీళ్లు పెరిగేకొద్దీ నా గుడ్డ కురచనయ్యేది. ఎండాకాలంలో అరుగు దిగి వేపచెట్టుదాకా వెళ్లగలిగేదాన్ని. శ్రావణానికి చెట్టు పోయేది. భాద్రపదానికి అరుగు పోయేది. ఇంట్లోకి నీళ్లొచ్చి, మంచం మీద మంచం వేసుకుని పైన కూర్చున్న రోజుల్లో రెండు మూరలే మిగిలేవి. తినడం అక్కడే, పడుకోవడం అక్కడే. కింద కప్పలూ, నీటిపాములూ ఈదుతుంటే పైన అమ్మ వెచ్చని నడుం, నా వీపు మీద ముడి. ఊపిరాడేది కాదు. వీపు మీద ఆ ముడి దురద పెట్టేది, గోకుదామంటే అందదు. లాగేదాన్ని. ఊఁ. ఊరికే లాగేదాన్ని. ఊఁ. ఏడిపించాలని వందసార్లు లాగేదాన్ని. వందసార్లూ పలికేది. ఆవిడకి ఒక్కసారైనా విసుగొస్తే బాగుండునని అనుకునేదాన్ని. విసుగొస్తే విప్పేస్తుందేమోనని ఆశ.

మిగతా ఇళ్లలో పిల్లలకి నాలుగో ఏడు రాగానే గుడ్డ తీసేసేవారు. వాళ్లు నీళ్లలో దూకి బాతుపిల్లల్లా తిరిగేవారు. నాకు ఆరు వెళ్లి ఏడు వచ్చినా అదే తంతు. బడికి వెళ్లే పిల్లలు దోనెలో మా ఇంటి ముందునుంచి పోతూ నన్ను చూసి "అంబా" అని అరిచేవారు. తల కొట్టేసినట్టుండేది. నాన్న ఒకటి రెండుసార్లు సర్దిచెప్పబోయాడు. "పిల్లని దూడని కట్టినట్టు కడితే ఎలాగే" అంటే, "మీరు దోనె చూసుకోండి. పిల్లని నేను చూసుకుంటాను" అనేది. అంతకుమించి మాట ఉండేది కాదు. కొల్లేట్లో పుట్టి ఈత రానిదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఇప్పటికీ రాదు.

విప్పించింది మా చర్చి బడి మాస్టారు. ఒకనాడు దోనె దిగి వచ్చి, నన్నూ గుడ్డనీ కాసేపు చూసి, "ఏడేళ్లొచ్చాయి కదమ్మా, అక్షరాలు నేర్చుకోవాలి. రేపటి నుంచి పంపండి" అన్నారు. అమ్మ "పంపుతానండి. నేను కూడా వస్తానండి" అంది. వచ్చింది కూడా. మూడేళ్లపాటు బడి వరండాలో కూర్చుని తుంగచాపలు అల్లింది. బళ్లో గుడ్డ లేదు గానీ, కిటికీలోంచి అమ్మ చూపులు వీపు మీద సరిగ్గా ముడి ఉండే చోటే తగులుతున్నట్టుండేది. ఆ తర్వాత మాస్టారే ఏలూరు హాస్టల్లో సీటు ఇప్పించారు. అమ్మ నన్ను గేటుదాకా దించింది. నేను లోపలికి నడిచాను. గేటు మూసిన చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. ఆరోజు సాయంత్రం ప్రార్థన గంట కొట్టేదాకా ఆవిడ గేటు అవతల నిలబడే ఉందని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. చెబితే జాలి వేయలేదు. ఒళ్లు మండింది.

చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. మా ఆయనకి తాడేపల్లిగూడెంలో గోడౌన్‌లో పని, నాకు ఉంగుటూరు దగ్గర బడి. మాకు ప్రశాంతి పుట్టింది. అప్పటికి నాన్న పోయాడు, లంకలో అమ్మ ఒక్కతే. నా సెలవు అయిపోతోంది, పాపని చూసేవాళ్లు లేరు. అమ్మని రమ్మంటే మర్నాటికల్లా రేకుపెట్టెతో దిగింది. ఆ తర్వాత పదిహేనేళ్లు నా ఇల్లు నడిపింది ఆవిడే. నేను బస్సెక్కే వేళకి క్యారేజీ కట్టి ఉండేది. తిరిగొచ్చేసరికి పాపకి నలుగు పెట్టి, సాంబ్రాణి వేసి, గుమ్మంలో కూర్చోబెట్టేది. పిల్లకి ఒళ్లు వెచ్చబడితే నాకు తెలిసేలోపే తగ్గిపోయేది. నా స్నేహితురాళ్లంతా "మీ అమ్మగారు ఉన్నారు, నీకేమమ్మా" అనేవారు. నిజమే, నాకేం?

ప్రశాంతికి రెండేళ్లున్నప్పుడు ఒకరోజు బడికి మధ్యాహ్నం సెలవిచ్చారు. ముందుగా ఇంటికొచ్చాను. పెరట్లో అమ్మ రుబ్బురోలు దగ్గర పప్పు రుబ్బుతోంది. ఆవిడ నడుముకి ఆకుపచ్చా, నేరేడూ కలిసిన తాడు. దాని రెండో కొస నా కూతురి వీపు మీద. పాప గుడ్డ లాగి కేరింతలు కొడుతోంది, అమ్మ రుబ్బుతూ ఊఁ, ఊఁ అంటోంది. చుట్టుపక్కల చెరువు లేదు, కాలవ లేదు, కనీసం బావి కూడా లేదు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు రెండు బిందెలు మాత్రం ఉన్నాయి. నాకు ఏడేళ్ల ఊపిరాడనితనం ఒక్కసారిగా మీద పడింది. లోపలికి వెళ్లి కత్తెర తెచ్చి గుడ్డని నడిమధ్యలో పరపరా కోసేశాను. పాప జడుసుకుని ఏడ్చింది. అమ్మ పొత్రం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి నాకేసి చూసింది.

"నీళ్లు లేకపోయినా పిల్ల రోడ్డు మీదకి పోతుందేమోనని..." అంది.

అప్పుడు నేనన్న మాట ఇది. "దానియేలుని చంపింది ఈ గుడ్డే కదా. నువ్వు కట్టకపోతే వాడు ఏదో ఒకటి పట్టుకుని తేలేవాడు. మళ్లీ నా పిల్లకి కడతావా?"

నోరు జారానని చెప్పను. జారలేదు. చిన్నప్పటినుంచీ ఆ మాట నా దగ్గరే ఉంది, ఆరోజు చేతికందింది, విసిరాను. అమ్మ లేచింది. చేతులు కడుక్కుని, పాప వీపు మీద ముడిని ఒక్క లాగుతో విప్పింది. రెండు ముక్కలూ మడిచి రేకుపెట్టెలో పెట్టుకుంది. సాయంత్రం గారెలు వేసింది. ఇంకెప్పుడూ ప్రశాంతిని కట్టలేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చోవడం మాత్రం మొదలుపెట్టింది. కూరలు తరగడం, బియ్యం ఏరడం, జడ వేయడం అన్నీ గుమ్మంలోనే. మేం ఆవిడని దాటుకుని తిరిగేవాళ్లం. నేను క్షమించమని అడగలేదు. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ముప్పై ఏళ్లు గడిపేశాను.

మా ఆయన పోయాక నేనూ అమ్మా ఏలూరు వచ్చి, రెండో అంతస్తులో చిన్న ఇల్లు తీసుకున్నాం. ప్రశాంతి ఉద్యోగం గూడెంలోనే. అమ్మకి మతిమరుపు మెల్లగా పట్టుకుంది. మొదట ఉప్పు రెండుసార్లు వేయడం, తర్వాత నన్ను "ఏవండీ, మీరెవరమ్మాయండీ" అని మర్యాదగా అడగడం. ఒకరోజు నేను పాలకి వెళ్లొచ్చేసరికి ఆవిడ లేదు. కాలవ గట్టు మీద టీ బడ్డీ అతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "మామ్మగారు వంగి వంగి నేల కొలుస్తున్నారండీ. పిల్లోడిని చూశారా, పిల్లోడిని చూశారా అని అడుగుతున్నారండీ" అన్నాడు. నా ప్రాణం పోయి మళ్లీ వచ్చింది. వారం తిరక్కుండా రెండోసారి అదే పని చేసింది. ఈసారి కాళ్లు మోకాళ్లదాకా తడిసి ఉన్నాయి.

ఆవిడ మనసు అక్కడే తిరుగుతోంది కదా, ఒకసారి చూపిస్తే కుదురుకుంటుందేమోనని ఆటో మాట్లాడుకుని లంకకి తీసుకెళ్లాను. దారి పొడుగునా చేపల చెరువులు, వాటిలో చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్మే మోటార్లు, మేత బస్తాల వాసన. మా మెరక మీద ఎవరిదో డాబా ఇల్లు. దోనెలు తిరిగిన చోట తారురోడ్డు. అమ్మ ఆటో దిగి, వంగి కొలవడం మొదలుపెట్టింది. నాలుగు మూరలు పోయేసరికి చెరువు గట్టు అడ్డొచ్చింది. ఇటు తిరిగి కొలిచింది, ఇటూ గట్టే. "నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా?" అని నన్నడిగింది. చిన్నప్పుడు నన్ను బెదరగొట్టిన కొల్లేరు ఇప్పుడు మడులు మడులుగా గట్ల మధ్య బుద్ధిగా పడుంది. ఆవిడ చేతులకంటిన మట్టి దులిపాను. తిరిగి ఆటో ఎక్కించాను.

ఆ మర్నాడే గ్రిల్లుకి తాళం కొన్నాను. బజారుకో, బ్యాంకుకో, చర్చికో వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడని లోపల కూర్చోబెట్టి, బిస్కెట్లూ మంచినీళ్లూ పక్కన పెట్టి, బయట తాళం వేసి వెళ్లేదాన్ని. మొదట అరగంట, తర్వాత గంట, ఆ తర్వాత పూట. చెప్పకూడదు గానీ మెట్లు దిగుతుంటే నాకు హాస్టల్లోకి నడిచిన రోజు గుర్తొచ్చేది. అదే తేలిక. ఆవిడ క్షేమంగా ఉంది, నేను స్వేచ్ఛగా ఉన్నాను, ఇందులో తప్పేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆరు నెలలు అలా గడిచాక ఎదురింటి అమ్మాయి ఒకరోజు మెట్ల మీద ఆపింది. "చెప్పకూడదేమో టీచరుగారండీ, మీరు వెళ్లింది మొదలు వచ్చేదాకా మామ్మగారు కూర్చోరండీ. గ్రిల్లు పట్టుకుని నిలబడే ఉంటారు. తాళం పట్టుకుని లాగుతుంటారు. లాగి, ఆగి వింటారు. మళ్లీ లాగుతారు. ఏంటండీ అలాగ?"

పైకి వచ్చి తాళం తీశాను. అమ్మ వేళ్ల మీద ఇనప తుప్పు. ఆరోజు ఆవిడకి తెలివి బాగానే ఉంది, నన్ను పేరు పెట్టి పిలిచింది.

"తాళం వెయ్యకు రూతమ్మా" అంది.

"వెయ్యకపోతే వెళ్లిపోతున్నావు కదమ్మా. నేనేం చెయ్యను?"

"తాళం లాగితే ఎవరూ పలకట్లేదు" అంది.

తర్వాత లోపలికి వెళ్లి రేకుపెట్టె తీసింది. అడుగునుంచి గుడ్డ బయటికొచ్చింది. నేను రెండు ముక్కలుగా కోసిన గుడ్డ ఒకటిగా ఉంది. నల్లదారంతో, దగ్గర దగ్గరగా కుట్లు. ఎప్పుడు కుట్టుకుందో తెలియదు. నాకిచ్చి, చీర కొంగు తీసి తన వీపు చూపించింది. కట్టమని.

కట్టాను. నాకు ఆ వీపు ముడి రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. అందుకని నడుం చుట్టూ తిప్పి ముందువైపు మామూలు ముడి వేశాను. రెండో కొస నేను ఊరికే చేత్తో పట్టుకోబోతే ఒప్పుకోలేదు. నన్ను తిప్పి నిలబెట్టి, నడుం చుట్టూ, భుజాల మీదుగా తెచ్చి, వీపు మధ్యలో చకచకా ముడి వేసింది. నా పేరు మరిచిపోయే మనిషికి ఆ ముడి ఒక్కటీ తు.చ. తప్పకుండా గుర్తుంది. విప్పడం కూడా ఆవిడకే తెలుసు. బజారుకి వెళ్లాలంటే వెళ్లి వీపు చూపించి నిలబడాలి, ఆవిడ లాగి విప్పాలి. ఎదురింటి అమ్మాయి వచ్చి దగ్గర కూర్చుంటేనే విప్పేది.

అలా అయిదు నెలలు ఉన్నాం. పొద్దున ప్రార్థన కాగానే అమ్మ బాల్కనీదాకా మూరలేసి కొలిచి, గుడ్డకి ముడులు వేసి, నన్ను కట్టేది. లాగితే నేను ఊఁ అనాలి. కూర తరుగుతూ ఊఁ, ఫోన్లో మాట్లాడుతూ ఊఁ. నా కూతురు అవతలినుంచి "ఎవరికమ్మా ఆ ఊఁ" అని నవ్వేది. మొదటి వారం నాకు పిచ్చెక్కినంత పనైంది. స్నానాల గదికి వెళ్లినా తలుపు సందులోంచి గుడ్డ. పేపరు చదువుదామంటే గుడ్డ. ఒకరోజు ఆవిడ పదే పదే లాగుతుంటే విసుగొచ్చి పలకలేదు. వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ గుడ్డ పట్టుకుని లేచి నిలబడింది, ముఖం పాలిపోయింది, నోరు తెరుచుకుని ఉంది, శబ్దం లేదు. ఆ ముఖం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. దోనె దిగిన రోజు ఆవిడ ముఖం అలాగే ఉండి ఉంటుంది. ఊఁ అన్నాను. ఊఁ, ఊఁ, ఇక్కడే ఉన్నానమ్మా అన్నాను. చిన్నప్పుడు నేను వందసార్లు లాగితే వందసార్లు ఎలా పలికిందో అప్పుడు తెలిసింది. ఏడేళ్లు కట్టుబడి ఉన్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆ ఏడేళ్లలో ఆవిడ ఒక పెళ్లికి వెళ్లలేదు, ఒక పుట్టింటి పండక్కి వెళ్లలేదు, మెరక దాటి అవతలి గట్టున కాలు పెట్టలేదు. గుడ్డకి రెండు కొసలుంటాయని అరవై ఏళ్లు దాటాక గానీ నా బుర్రకి ఎక్కలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ తేటగా ఉన్నట్టు అనిపించి అడిగేశాను. "అమ్మా, గూడెంలో ఆరోజు దానియేలు గురించి నేనన్న మాట గుర్తుందా? తప్పు మాటమ్మా అది. క్షమించు."

అమ్మ గుడ్డ మీది కుట్టు తడుముతూ కూర్చుంది. "నువ్వన్నది అబద్ధం కాదు కదమ్మా. గుడ్డే కదా. అందుకే మళ్లీ పాపకి కట్టలేదు" అంది.

"కాదమ్మా, నీళ్లు. నీళ్లు చేశాయి" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ వినిపించుకుందో లేదో. బాల్కనీకేసి చూస్తూ, "వాన పట్టింది. ఇంకో మూర తగ్గించాలి" అని లేచింది. ముప్పై ఏళ్లు ఆ మాట ఆవిడ నిజమేనని మోసింది. నేను దించుదామని వెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

ఆఖరి వారాలన్నీ వానలే. అమ్మ రోజుకో ముడి చొప్పున గుడ్డ తగ్గిస్తూ వచ్చింది. చివరికి మా ఇద్దరి మధ్య రెండు మూరలు మిగిలాయి. ఆవిడ కుర్చీలో, నేను పక్కన పీట మీద. ఆరోజు పొద్దున ప్రార్థన అయింది, కట్టడం అయింది, కాఫీ తాగింది. నేను బెండకాయలు తరుగుతున్నాను. లాగింది. ఊఁ అన్నాను. కాసేపటికి మళ్లీ లాగింది. ఊఁ. బెండకాయలు అయిపోయి వంకాయలు మొదలుపెట్టాక తోచింది, ఆవిడ లాగి చాలాసేపయిందని. నేను లాగాను. జీవితంలో మొదటిసారి అటునుంచి ఏమీ రాలేదు.

ఫోను పక్కనే ఉంది. ప్రశాంతికి చెప్పాను. "వచ్చేస్తున్నానమ్మా, బస్సు పట్టుకుంటాను" అంది. పాలప్యాకెట్టు కోసే కత్తెర కూడా బల్ల మీద, చేతికందే దూరంలోనే ఉంది. అమ్మ వైపు ముడి నేను వేసిందే, రెండు వేళ్లతో విప్పేయొచ్చు. ఆవిడ కళ్లు మూశాను, కొంగు సర్దాను, పీట దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఎదురింటి అమ్మాయి వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "విప్పమంటారా టీచరుగారండీ" అంది. మా అమ్మాయి వస్తుందమ్మా అన్నాను. కిటికీ అవతల వాన పడుతూనే ఉంది.

గూడెం నుంచి ప్రశాంతి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. గ్రిల్లుకి తాళం లేదు, నేరుగా లోపలికి వచ్చింది. వాళ్లమ్మమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, నన్ను చూసి, గుడ్డని చూసింది.

"అప్పట్నుంచీ ఇలాగే కూర్చున్నావా అమ్మా? కత్తెర ఇక్కడే ఉంది కదా, కోసేయనా?"

"వద్దు. విప్పు" అన్నాను.

తను నా వెనక్కి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఎటు లాగాలో తనకి తెలియదు. గోళ్లతో ఒక పాయ పట్టుకుని, అది బిగుసుకుంటే వదిలి, ఇంకోటి పట్టుకుంది. "తొందరేం లేదు" అన్నాను. తన చేతులు చల్లగా తగులుతున్నాయి. అప్పుడు సరైన కొస దొరికిందో ఏమో, ఒక్కసారి గట్టిగా లాగింది.

"ఊఁ" అన్నాను.